సోడియం వాలు: కణత్వచం మీదుగా పదార్థాల రాకపోకలు

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, జీవశాస్త్ర విద్యార్థులకు, ఊళ్ళ నుంచి శ్రమపడి వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎం అమ్మలకు నమస్కారం.

నౌపడ ఉప్పు మడుల్లో సముద్రపు నీటిని ఎండగట్టి తీసే ఉప్పు బరువులో దాదాపు 40 శాతం సోడియమే. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ సోడియం గురించే అంటే అతిశయోక్తి కాదు. కణత్వచం మీదుగా పదార్థాలు ఎలా కదులుతాయన్నది నాకిచ్చిన విషయం. వ్యాపనం, ద్రవాభిసరణం, సక్రియా రవాణా అని పాఠ్యపుస్తకాలు దీనిని విడివిడి అంశాలుగా చెబుతాయి, పరీక్షలో తేడాలు రాయమంటాయి. ఆ తేడాలు నిజమే గాని, వాటి మధ్యనున్న సంబంధం పుస్తకంలో కనబడదు. మన ఒంట్లోని కణాలు సోడియాన్ని అదే పనిగా బయటికి నెడుతూ ఉంటాయి. ఆ ఒక్క పనికి పెట్టిన ఖర్చు మీద పేగులో చక్కెర, మూత్రపిండంలో ఉప్పూ నీరూ, నరంలో సంకేతం, ఇన్నీ నడుస్తాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు త్వచం సంగతి చూద్దాం. 1890ల చివర్లో ఓవర్టన్ అనే శాస్త్రవేత్త రకరకాల పదార్థాలను మొక్కల కణాల మీద, జంతు కణాల మీద పరీక్షించి, నూనెలో కరిగే పదార్థాలు కణంలోకి తేలికగా వెళుతున్నాయనీ, నీటిలో మాత్రమే కరిగేవి వెళ్ళలేకపోతున్నాయనీ గమనించాడు. అంటే కణం చుట్టూ ఉన్నది కొవ్వు స్వభావం గల పొర. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి కొలిస్తే, ఆ విస్తీర్ణం కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఉన్నాయన్నమాట. నీటిని ఇష్టపడే తలలు బయటికీ లోపలికీ, నీటికి దూరంగా ఉండే తోకలు నడుమకూ తిరిగి ఉంటాయి. ఈ పొరలో ప్రోటీన్లు పొదిగి ఉంటాయనీ, కొవ్వూ ప్రోటీనూ రెండూ కదులుతూనే ఉంటాయనీ 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనా కొన్ని సవరణలతో నేటికీ నిలిచి ఉంది. కొవ్వు వరుసల మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు.

ఈ పొరను ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అడ్డు లేకుండా దాటుతాయి. గ్లూకోజు దాదాపు దాటలేదు. సోడియం, పొటాషియం, క్లోరైడ్ వంటి ఆవేశం గల అయాన్లు అసలే దాటలేవు, ఎందుకంటే వాటి చుట్టూ నీటి అణువులు గట్టిగా పట్టుకొని ఉంటాయి, ఆ నీటిని వదిలించుకుని నూనెలో దిగడానికి చాలా శక్తి కావాలి. దాటగలిగినవి ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు, ఎవరూ నెట్టకుండానే, అణువుల సహజ చలనం వల్ల వెళతాయి. దీనినే వ్యాపనం అంటాం.

వ్యాపనం గురించి విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. వ్యాపనానికి పట్టే సమయం దూరంతో కాక దూరపు వర్గంతో పెరుగుతుంది. చిన్న అణువు ఒకటి నీటిలో 10 మైక్రోమీటర్లు, అంటే ఒక కణమంత దూరం, పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. అదే అణువు ఒక్క సెంటీమీటరు పోవడానికి 14 గంటల దాకా పడుతుంది. కణాలు చిన్నవిగా ఉండడానికీ, మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ దగ్గరలో ఒక రక్తకేశనాళిక ఉండడానికీ ఇది పెద్ద కారణం. గుండె రక్తాన్ని దూరాలు మోస్తుంది, చివరి కొద్ది మైక్రోమీటర్లు వ్యాపనం చూసుకుంటుంది.

నీటి విషయం కొంచెం వేరు. పెంకు కరిగించిన కోడిగుడ్డును ఉప్పు నీటిలో వేస్తే ముడుచుకుపోవడం, మంచినీటిలో వేస్తే ఉబ్బడం మీరు బడిలో చేసే ఉంటారు. కరిగిన పదార్థాలు ఎటు ఎక్కువగా ఉంటే నీరు అటు పోతుంది. దీనినే ద్రవాభిసరణం అంటాం. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగడం, ఉప్పు పట్టిన చేప మీద సూక్ష్మజీవులు పెరగలేకపోవడం ఇదే. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఎందుకు ఉంటుందంటే, ఆ గాఢతలో ఎర్ర రక్తకణం ఉబ్బదు, ముడుచుకోదు. శుద్ధమైన నీటిని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే కణాలు పగిలిపోతాయి. కొబ్బరితోటలకూ మూత్రపిండ వ్యాధికీ పేరుపడిన మన జిల్లా ఉద్దానం ఊళ్ళలో మీరు చూసే ఆర్వో ప్లాంటులో నీరు వెళ్ళదలచుకున్న దిశకు వ్యతిరేకంగా మోటారు ఒత్తిడితో నెడతారు. అప్పుడు నీరు పొర దాటి వస్తుంది, లవణాలు వెనుక మిగులుతాయి.

కొవ్వు పొర గుండా నీరు కొద్దికొద్దిగా మాత్రమే జారగలదు. ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండ నాళికల్లో అది అంత వేగంగా ఎలా పోతున్నదన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండి, 1992లో పీటర్ ఆగ్రే బృందం నీటికే ప్రత్యేకించిన ప్రోటీన్ మార్గాన్ని నిరూపించడంతో వీడింది. ఆక్వాపోరిన్ అనే ఆ మార్గం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటిగా సాగిపోతాయి. అంత వేగంలోనూ హైడ్రోజన్ అయాను ఒక్కటి దాటనివ్వదు.

ఇంతకంటె వింతైనది పొటాషియం మార్గం. సోడియం అయాను పొటాషియం అయాను కంటె చిన్నది. పెద్దది దూరగలిగిన కంతలో చిన్నది దూరలేకపోవడం ఏమిటి? అయినా ఈ మార్గం ఒక సోడియానికి పదివేల పొటాషియం చొప్పున దాటనిస్తుంది. రోడరిక్ మాకినన్ 1998లో ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని స్ఫటికాల సాయంతో చూపించిన తరువాత కారణం స్పష్టమైంది. అయాను ఇరుకు భాగంలోకి రావాలంటే తన చుట్టూ ఉన్న నీటిని వదలాలి. వదిలినందుకు బదులుగా మార్గపు గోడలలోని ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా నీటి అణువుల దూరంలోనే నిలిచి పొటాషియాన్ని పట్టుకుంటాయి. సోడియం చిన్నది కావడం వల్ల ఆ ఆక్సిజన్లు దానికి అందవు, అందుకే అది తన నీటిని వదులుకోదు, లోనికి రాదు. ఆగ్రే, మాకినన్ 2003 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నా దృష్టిలో జీవరసాయనంలో ఇంతకన్నా అందమైన జవాబు దొరికిన ప్రశ్నలు చాలా తక్కువ.

గ్లూకోజు వంటి పెద్ద అణువులకు ఇలాంటి తెరిచిన మార్గం పనికిరాదు. వాటికి వాహక ప్రోటీన్లు ఉన్నాయి. వాహకం ఒక పక్క అణువును పట్టుకొని, తన ఆకారం మార్చుకొని, రెండో పక్క వదులుతుంది. శక్తి ఖర్చు లేదు, దిశ మాత్రం వాలుకే, అంటే గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకే. అయితే వాహకాల సంఖ్యకు పరిమితి ఉంటుంది గనుక, గ్లూకోజు ఎంత పెరిగినా ఒక స్థాయి దాటాక రవాణా వేగం పెరగదు. ఈ పరిమితిని గుర్తుంచుకోండి, మూత్రపిండం దగ్గర మళ్ళీ అవసరమవుతుంది. కండరంలోనూ కొవ్వు కణంలోనూ ఇన్సులిన్ చేసే ప్రధానమైన పని, కణం లోపల దాచి ఉన్న ఇలాంటి వాహకాలను పైపొరకు తెప్పించడం.

ఇప్పటివరకు చెప్పినవన్నీ వాలున దిగే ప్రయాణాలే. అన్నీ ఇలా దిగుతూ పోతే కొంతసేపటికి లోపలా బయటా సమానమై, కణం నిలిచిపోతుంది, అంటే చచ్చిపోతుంది. బతికున్న కణంలో సోడియం లీటరుకు 10 నుంచి 15 మిల్లీమోల్ (అణువులు, అయాన్ల సంఖ్యకు వాడే కొలత), బయట 145. పొటాషియం లోపల 140, బయట 4 నుంచి 5. ఈ తేడాను నిలబెడుతున్నది సోడియం పొటాషియం పంపు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో యెన్స్ స్కౌ తీరపు పీతల కాలి నరాలను నూరి పరీక్షిస్తూ 1957లో ఈ ఎంజైమును ప్రకటించాడు. నోబెల్ బహుమతి 40 సంవత్సరాల తరువాత, 1997లో వచ్చింది. పంపు లోపలివైపు తెరుచుకుని మూడు సోడియం అయాన్లను పట్టుకుంటుంది. కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటు వచ్చి దానికి అతుక్కుంటే ఆకారం మారి బయటికి తెరుచుకుంటుంది, సోడియాన్ని వదిలి రెండు పొటాషియం అయాన్లను అందుకుంటుంది. ఫాస్ఫేటు ఊడిపోగానే మళ్ళీ లోపలికి తిరుగుతుంది. తెరిచిన మార్గంలో సెకనుకు కోటి అయాన్లు పోగలవు. ఈ పంపు మాత్రం సెకనుకు కొన్ని వందలు మించి మోయలేదు. శక్తి ఖర్చుపెట్టి వాలుకు ఎదురుగా మోయడానికీ (సక్రియా రవాణా అంటే ఇదే) దిగనివ్వడానికీ ఉన్న తేడా అది. మనం కదలకుండా పడుకున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ ఒక్క పంపుకే పోతుంది. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ మందు పట్టుకునేది దీనినే. పశువులు గన్నేరాకు తిని పడిపోయేదీ, అందులోని విషం ఈ పంపును ఆపేయడం వల్లనే.

ఏటీపీ పేరు వచ్చింది గనుక ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి, ఆ పద్ధతితోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. ఫిస్క్, సుబ్బారావుల పేరుతోనే ఆ ఫాస్ఫరస్ పరీక్ష ఇప్పటికీ ప్రయోగశాలల్లో నడుస్తున్నది.

పంపు కష్టపడి సోడియాన్ని బయటికి తోడినందువల్ల ఒరిగింది ఏమిటి? ఏతం తొక్కి నీటిని మెరక కాలువకు చేర్చాక ఆ నీరు మడి నుంచి మడికి దానంతటదే దిగినట్టు, బయట పోగైన సోడియం లోనికి తిరిగి రావడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శక్తి ఒక్కచోట ఖర్చయింది, దాని ఫలితాన్ని వాడుకునే చోట్లు అనేకం. పేగు కణం ఈ అవకాశాన్ని వాడుకునే తీరును 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక శాస్త్ర సమావేశంలో రాబర్ట్ క్రేన్ వివరించాడు. చిన్నపేగు పొరలోని ఒక వాహకం రెండు సోడియం అయాన్లను, ఒక గ్లూకోజు అణువును కలిపి మాత్రమే లోనికి తెస్తుంది. సోడియం తన వాలున దిగుతూ, గ్లూకోజును దాని వాలుకు ఎదురుగా కూడా లాక్కొస్తుంది. తెచ్చిన సోడియాన్ని కణం రెండో పక్కనున్న పంపు రక్తం వైపు నెట్టేస్తుంది, గ్లూకోజు మరో వాహకం ద్వారా అటే పోతుంది, కరిగిన పదార్థాల వెంట నీరు పోతుంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఆశా కార్యకర్తల సంచిలో ఉండే ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. కలరాలో ఏం జరుగుతుంది? కలరా క్రిమి విడిచే విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. ఆ విషం పేగు కణంలోకి చేరి క్లోరైడ్ మార్గాలను తెరిచిపెడుతుంది. క్లోరైడ్ పేగులోకి కారుతుంది, దాని వెంట సోడియం, దాని వెంట నీరు. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ళు గంటకు లీటరు నీటిని పోగొట్టుకోగలరు. ఉత్త నీళ్ళు తాగిస్తే నిలవవు. ఉప్పునీళ్ళు తాగించినా పెద్ద ప్రయోజనం లేదు, ఎందుకంటే ఉప్పును మామూలుగా పీల్చుకునే దారిని కూడా ఆ విషం మూసివేస్తుంది. అయితే సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా తెచ్చే వాహకాన్ని మాత్రం ఆ విషం తాకదు. రెండూ కలిపి తాగిస్తే, కారుతున్న పేగే నీటిని లోనికి తీసుకుంటుంది.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌కు వేల సంఖ్యలో వచ్చినప్పుడు సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలానబిస్ బృందం ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టి, నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించింది. అంతకు ముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు వాళ్ళ శిబిరంలో 3.6 శాతానికి దిగాయి.

ఇప్పటి పొట్లం కొలతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించినవి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. లెక్క కడితే సోడియం 75 మిల్లీమోల్, గ్లూకోజు 75 మిల్లీమోల్ వస్తాయి. గ్లూకోజు అక్కడ ఉన్నది బలానికని చాలామంది అనుకుంటారు. బలానికి కాదు, సోడియాన్ని దాటించడానికి. అందుకే వేసవిలో అమ్మే గ్లూకోజు పొడి నీళ్ళు, సీసాలో వచ్చే కూల్‌డ్రింకులు విరేచనాల రోగికి మేలు చేయవు. వాటిలో సోడియం దాదాపు ఉండదు, చక్కెర మితిమీరి ఉంటుంది, పీల్చుకోలేని చక్కెర పేగులో మిగిలి ద్రవాభిసరణం వల్ల ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనం పెరుగుతుంది. ఇంకొంచెం పంచదార వేస్తే పిల్లవాడు ఇష్టంగా తాగుతాడని తల్లి అంటే, వద్దమ్మా అని చెప్పవలసింది మీరే. పొట్లం దొరకని చోట లీటరు మరిగించి చల్లార్చిన నీటికి అరచెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార, రెండూ తలగొట్టి వేయాలి. ఉప్పు వేసిన బియ్యపు గంజి కూడా పనిచేస్తుంది. పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా విడిపోతుంది గనుక నీటిని వెనక్కి లాగే ప్రమాదం తక్కువ. మన ఇళ్ళలో విరేచనాలకు గంజి పోయడం పాత అలవాటే. ఉప్పు మరిచిపోకుండా ఉంటే అది మంచి శాస్త్రం కూడా.

కొబ్బరి నీళ్ళ మాట అడుగుతారని తెలుసు, ఉద్దానం ఉన్న జిల్లా గదా. కొబ్బరి నీళ్ళలో సోడియం కంటె పొటాషియం చాలా రెట్లు ఎక్కువ. మామూలు దాహానికి, నీరసానికి మంచిదే. తీవ్రమైన విరేచనాల్లో ఓఆర్ఎస్‌కు బదులు కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్న వారికైతే ప్రమాదం. కణాల బయట పొటాషియం 4, 5 మిల్లీమోల్ దగ్గర నిలవాలని ఇంతకు ముందు చెప్పాను. గుండె కండరపు పొరకు ఇటూ అటూ ఉండే విద్యుత్ తేడా ముఖ్యంగా ఈ పొటాషియం నిష్పత్తి మీద ఆధారపడుతుంది. బయటి పొటాషియం ఆరున్నర దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఆరోగ్యవంతుడి మూత్రపిండం అదనపు పొటాషియాన్ని కొద్ది గంటల్లో బయటికి పంపిస్తుంది. చెడిన మూత్రపిండం పంపలేదు. ఇంటి పెరట్లో కాసిందే కదా అని డయాలసిస్ రోగికి బోండాం కొట్టి ఇవ్వకండి.

ఇక మూత్రపిండం. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం రక్తం నుంచి వడిసి నాళికల్లోకి వస్తుంది. అందులోని ఉప్పు తూకం వేస్తే కిలోన్నర అవుతుంది. ఆ ఉప్పులో 99 శాతానికి పైగా, నీటిలోనూ దాదాపు అంతే, నాళికా కణాలు వెనక్కి తీసుకుంటాయి. వాటి రక్తం వైపు పొరల నిండా సోడియం పంపులే. గ్లూకోజు కూడా ఇక్కడ సోడియంతో జంటగానే వెనక్కి వస్తుంది, 90 శాతం ఎస్‌జీఎల్‌టీ2 అనే వాహకం ద్వారా. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే వాహకాలన్నీ నిండిపోయి, మిగిలినది మూత్రంలో దిగుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న పరిమితి ఇదే. ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం ఈ వాహకాన్ని అడ్డుకుంటుందని తెలిశాక, దాని పోలికలోనే డపాగ్లిఫ్లోజిన్ వంటి మందులను తయారు చేశారు. మధుమేహానికని వచ్చిన ఈ మందు మూత్రపిండ వ్యాధి ముదరడాన్ని కూడా నెమ్మదింపజేస్తుందని 2020లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో తేలింది, మధుమేహం లేని రోగుల్లో కూడా. ఉద్దానం మూత్రపిండ వ్యాధికి ఆ ఫలితాన్ని ఉన్నపళంగా అన్వయించకూడదు. ఆ వ్యాధి ప్రధానంగా నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని, అంటే నేను చెప్పిన ఈ రవాణా జరిగే చోటునే దెబ్బతీస్తుంది. దాని కారణం మీద పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

నాళికలు చెడిన తరువాత మిగిలేది డయాలసిస్. థామస్ గ్రాహం 1861లో పొర గుండా చిన్న అణువులను పెద్దవాటి నుంచి వేరుచేసి ఆ పద్ధతికి ఈ పేరు పెట్టాడు. విలెమ్ కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లో, యుద్ధం మధ్యలో, సెలోఫేన్ గొట్టాలతో మొదటి కృత్రిమ మూత్రపిండం నడిపాడు. డయాలసిస్ యంత్రంలో రక్తాన్ని వడకట్టే భాగమైన ఇప్పటి డయలైజర్‌లో సన్నని గొట్టాలు పదివేల దాకా ఉంటాయి. లోపల రక్తం, వెలుపల ఎదురు దిశలో డయాలసిస్ ద్రవం. యూరియా, అదనపు పొటాషియం రక్తం నుంచి ద్రవంలోకి, బైకార్బనేట్ ద్రవం నుంచి రక్తంలోకి, అన్నీ వాలుననే. ఒత్తిడితో కొంత నీటిని తీయగలం, అంతే. ఈ పొరలో పంపు లేదు, సోడియాన్ని గుర్తుపట్టే ప్రోటీన్ లేదు, కావలసినదాన్ని వాలుకు ఎదురుగా వెనక్కి తెచ్చే శక్తి లేదు. అందుకే వదలకూడని లవణాలను ద్రవంలోనే రక్తంతో సమంగా ముందే కలిపి పెట్టాలి. ఏది ఎంత పోవాలన్నది పొర నిర్ణయించదు, ద్రవం కలిపిన మనిషి నిర్ణయిస్తాడు.

ఆ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది, నాలుగు గంటల విడతకు 120 లీటర్లు. మనం తాగే రెండు మూడు లీటర్ల నీటిలో ఏదైనా ఉంటే పేగు పొర దానిలో చాలా భాగాన్ని బయటే ఆపుతుంది. డయలైజర్ పొర రెండు దిశల్లోనూ ఒక్కటే, నీటిలో ఉన్న ఏ చిన్న అణువైనా నేరుగా రక్తంలోకి దాటుతుంది. 1970లలో కొన్ని దేశాల్లో నీటిలోని అల్యూమినియం ఇలా రక్తంలోకి చేరి డయాలసిస్ రోగుల మెదడును దెబ్బతీసింది. నీటిని శుద్ధి చేయడానికి కలిపే క్లోరమైన్ మిగిలిపోతే ఎర్ర రక్తకణాలు పగులుతాయి. డయాలసిస్ కేంద్రంలో ఆర్వో యంత్రం ఉన్న గదిని విద్యార్థులు ఒకసారి అనుమతి తీసుకుని చూడండి. అక్కడి టెక్నీషియన్ రోగులను మంచం ఎక్కించక ముందు నీటిలో క్లోరిన్ ఉందో లేదో పరీక్షించి పుస్తకంలో రాస్తాడు. ఆ అంకె చూసిన తరువాతే యంత్రం మొదలవ్వాలి.